నా కుర్చీ తీసిన షమీమ్ అక్క

టెలిఫోన్ ఎక్స్ఛేంజి పెట్టెకు కరెంటు ఇవ్వగానే ఒక వాసన వస్తుంది. లోపల పేరుకున్న దుమ్ము వేడెక్కి, కాలీ కాలని వాసన. మొన్న బొంగులూరులో ఒక కాలేజీలో పాత ఎక్స్ఛేంజిని ఆపి మళ్ళీ ఆన్ చేసినప్పుడు అది ముక్కుకు తగిలి, షమీమ్ అక్క గుర్తొచ్చింది. ఆమె పోయి రెండేళ్లవుతోంది. ఇబ్రహీంపట్నంలో ఆమె మాట వస్తే చాలు, ఎవరో ఒకరు నన్ను చూపించి, "పాపం, ఈమెకు నౌకరి పోతే షమీమ్ జాలిపడి చేరదీసింది" అంటారు. ఆమె పోయిన నలభయ్యో నాటి భోజనాల దగ్గర కూడా అదే కథ చెప్పారు. పళ్ళెంలో బిర్యానీ చల్లారేదాకా వాదించాను. జాలి లేదు, గీలి లేదు. ఆమె నన్ను రెండుసార్లు గుమ్మంలోంచే పంపించింది. పైగా నా నౌకరి పోవడానికి కారణమైన కార్డును, అంటే ఎక్స్ఛేంజి పెట్టెలో దూర్చే సర్క్యూటు పలకను, పెట్టింది ఆమే. ఈ సంగతి ఎవరూ చెప్పరు. చెబితే కథలో తీపి తగ్గుతుంది.

తెలంగాణ వచ్చిన కొత్తలో నేను సాగర్ రోడ్డు మీద ఒక ఇంజనీరింగ్ కాలేజీలో టెలిఫోన్ ఆపరేటర్ని. బయటికి ఫోన్ చేయాలంటే ప్రిన్సిపాల్ అయినా నన్ను అడగాల్సిందే. నేను లైను కలిపి, ఎవరు ఎక్కడికి చేశారో రాసిపెట్టాలి. బి.కాం. చదివి ఇదేం పని అనేవాళ్ళు అననీ, ఆ చిన్న పెత్తనం నాకు బాగానే నచ్చేది. మా ఆయనకు ఒక నెల పని ఉంటే ఇంకో నెల ఉండేది కాదు. ఇల్లు నడిచేది నా జీతం మీదే.

ఒకరోజు షమీమ్ అక్క భుజాన సంచితో వచ్చింది. యాభై దాటిన మనిషి. పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ చదివి, బస్ డిపో ఎదురుగా సొంతంగా ఫోన్ల దుకాణం నడుపుతోంది. వస్తూనే, "జరసేపు ఫోన్లన్నీ బంద్ చెయ్యాలె" అంది.

"పరీక్షలు నడుస్తున్నయ్, బంద్ చెయ్యరాదు. మునుపటాయన నడుస్తుండంగనే కార్డు పెట్టిండు" అన్నాను.

"నడుస్తున్న బస్సుకు టైరు మారుస్తరా మీ తాన? సవారీలను దించకుండనే?"

ఫోన్లు కాసేపు పనిచేయవని ఆఫీసులో చెప్పి వచ్చాను. నేను అలా ఒక్క మాటకే ఒప్పుకోవడం చాలా అరుదు. ఆమె మణికట్టుకు ఒక పట్టీ కట్టుకుని, దాని తీగను ఎక్స్ఛేంజి ఇనుప పెట్టెకు తగిలించింది.

"అదేంది, తాయత్తా?"

"అవ్. నా దయ్యం కార్డుకు పట్టకుండ. మన ఒంట్ల ఉన్న కరెంటు మనకు తెల్వదు, కార్డుదైతే పానం తీస్తది."

ఆ తరువాత ఆమె చేసిన ప్రతి పనీ ముందుగా పైకి చెప్పి చేసింది. "కరెంటు తీస్తున్న. కార్డును అంచుల మీద పట్టుకుంటున్న. పట్టాల మీదికి నూకుతున్న. స్క్రూలు బిగిస్తున్న." ఎవరికి చెప్తున్నవక్కా అంటే, "నా చేతికి. చెప్పకపోతె దాని ఇష్టమొచ్చినట్టు పోతది" అంది. ఆమె సంచిలో తెచ్చిన రెండు కార్డులూ ఏం చేస్తాయో కూడా అడిగాను. ఒకటి సీరియల్ కార్డు, ఎవరు ఎక్కడికి ఫోన్ చేశారో తనంతట తానే కంప్యూటరుకు పంపుతుంది. రెండోది మోడెం కార్డు, ఏదైనా చెడిపోతే షమీమ్ అక్క దుకాణం నుంచే, దాని ద్వారా ఫోన్ లైను మీదుగా పెట్టె లోపలికి వచ్చి సరిచేస్తుంది. "మంచిదే" అన్నాను. అంత తెలివైనదాన్ని!

కంప్యూటరే రాసుకుంటున్నప్పుడు మనిషెందుకు? నెల తిరిగేసరికి అందరూ నేరుగా బయటికి ఫోన్ చేసుకుంటున్నారు. నన్ను రావద్దన్నారు. అటునుంచి అటే డిపో ఎదురుగా దుకాణానికి వెళ్ళాను.

"నా కుర్చీ తీసినవ్. ఇప్పుడు నువ్వే పని చూపియ్యి."

"కార్డు పెట్టుమన్నది మీ కాలేజి. నా మీదికెందుకొచ్చినవ్?"

"చెయ్యి నీది గనక."

"నాకు మనిషి అక్కర లేదు. అందుల నీ అసుంటి నోరు అసలే వద్దు. నీకు శాంత అని పేరు పెట్టినోళ్ళెవరమ్మా?"

రెండోసారి వెళ్తే తల కూడా ఎత్తలేదు. మూడోసారి నేను వాదించలేదు. గుమ్మంలో నిలబడి, ఆ రోజు ఆమె కాలేజీలో చేసిన పనంతా వరసగా చెప్పడం మొదలుపెట్టాను. పట్టీ కట్టడం, కరెంటు తీయడం, అంచులు పట్టడం, కార్డు పట్టాల మీదికి తొయ్యడం, కరెంటు ఇవ్వడం. చేతిలో పని ఆపి చివరిదాకా వింది.

"స్క్రూలు మరిచినవ్."

"మరిచిన."

"పెట్టె కదిలితె కార్డు ఊడి చేతికొస్తది. రేపు రా, బిగించుడు నేర్చుకుందువు."

ఊళ్ళో వాళ్ళు జాలి అంటున్నది దీన్నే. ఆమె దగ్గర పని నేర్చుకోవడమంటే నోరు మూయకుండా ఉండడమే. చెప్పకుండా చెయ్యి కదిపితే ఆ చేతి మీద స్క్రూడ్రైవర్ పిడితో ఒక్కటిచ్చేది. "ఇన్నేండ్లు నీ నోటికి పని లేక కొట్లాటలు పెట్టుకున్నది. ఇప్పుడు పనికి పెట్టు" అనేది. ఆ కుర్చీ సంగతి ఒకసారి మళ్ళీ అడిగాను. కార్డు తెచ్చినప్పుడే నీకు తెలుసా అక్కా అని. "ఆ నాలుగో నంబరు స్క్రూ ఇటియ్యి" అంది. అంతే.

నన్ను మొదటిసారి ఒక్కదాన్నే పంపింది మహేశ్వరం దారిలో ఒక ప్రైవేటు దవాఖానకు. కార్డులు అవే రెండు రకాలు. మేనేజరు ఫోన్లు ఆపడానికి వీల్లేదన్నాడు. "ఒక లైను విడదీసి నేరుగా ఎమర్జెన్సీ టేబుల్ మీది ఫోనుకు కలుపుత. అది నడుస్తనే ఉంటది. మిగిలినయి బంద్ చేసినంకనే కార్డు పెడ్త" అన్నాను. ఆయనకు నా మాట కాదు, నేనే నచ్చలేదు. నా ముందే షమీమ్ అక్కకు ఫోన్ చేసి, అందరికీ వినబడేలా స్పీకర్ పెట్టాడు.

"మీరు పంపిన మేడం మాట వింటలేదు."

"ఏమంటున్నది?"

"కరెంటు తియ్యకుండ కార్డు పెట్టనంటున్నది."

"ఆమె పెట్టనన్నదంటె నేను గూడ పెట్టనన్నట్టే. ఇంకెవలనన్న పిలుచుకోరి" అని ఫోన్ పెట్టేసింది.

నన్ను ఏమీ అడగలేదు. ఆ దవాఖాన చేజారితే నష్టం ఆమెకే. మేనేజరు నా వైపు తిరిగి, కానియ్యమన్నాడు. నేను ప్రతి పనీ పైకి చెప్పే చేశాను, ఆయన వినేలా, కాస్త గట్టిగానే. పని అయ్యాక షమీమ్ అక్క దుకాణంలోంచి ఆ మోడెంకు ఫోన్ కలిపింది. కార్డు మీద చిన్న దీపం రెపరెపలాడింది. ఆ వెంటనే నా సెల్లు మోగింది. "నీ కార్డు నాతోని మాట్లాడింది. నీకంటె మర్యాదగనే మాట్లాడింది" అంది. నా ఇల్లు ఇక నిలబడుతుందని నాకు ఆ మాటతో తెలిసింది.

ఇప్పుడు ఆ దుకాణం నేను నడుపుతున్నాను. ఆమె పనితీరులో ఒక్కటీ మార్చలేదు, కాని ఆమె చెయ్యనిది ఒకటి చేర్చాను. సంచి విప్పకముందే ఫోన్ల దగ్గర కూర్చున్న మనిషి దగ్గరికి వెళ్తాను. "నీ పనిల సగం ఈ కార్డు చేస్తది. నీకు వేరే ఏం పనిస్తరో మీ సార్‌ను ఇయ్యాల్నే అడుగు" అంటాను. ఇలా చెప్పినందుకు ఒకరిద్దరు మేనేజర్లు మళ్ళీ నన్ను పిలవడం మానేశారు. మానేయనీ. మొన్న బొంగులూరులో ఆ మాట వినగానే అక్కడి అమ్మాయి లేచి నేరుగా ఆఫీసు గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. లోపల మాటలు పెరిగాయి, తరువాత తగ్గాయి. ఆమె బయటికి వచ్చి "లైబ్రరీకి మారుస్తరట, కాయితం మీద రాసియ్యుమన్న" అనేదాకా నేను కార్డు ముట్టుకోలేదు.

షమీమ్ అక్క నాకు అన్నం పెట్టే పని ఇచ్చింది. దాన్ని కాదనను. కాని ఋణం వేరు, లెక్క వేరు. జాలి కథ చెప్పేవాళ్ళతో నేను వాదించేది కూడా అందుకే. వాళ్ళ కథలో ఆమెను అడగాల్సింది ఏమీ మిగలదు, నాకు మిగిలింది. అక్కా, ఆ కార్డు నా కుర్చీ కోసమే వచ్చిందని నీకు ముందే తెలుసా? తెలిస్తే, అన్నీ పైకి చెప్పి చేసేదానివి, ఆ ఒక్క మాట నాకెందుకు చెప్పలేదు?