నేను పాస్ చేసిన ఫియట్

ప్రత్యేక రాష్ట్రం ఏర్పడిన కొన్నేళ్లకు, ఒక ఎండాకాలం మొదట్లో, నన్ను ఇబ్రహీంపట్నం ప్రాంతానికి మోటారు వాహన తనిఖీ అధికారిగా బదిలీ చేశారు. జనం ఈ ఉద్యోగాన్ని బ్రేక్ ఇన్‌స్పెక్టర్ అంటారు. ఆ పేరు సగమే నిజం. డ్రైవింగ్ పరీక్షలు పెట్టడం, లారీలకు, స్కూలు బస్సులకు ఫిట్‌నెస్ ఇవ్వడం, ప్రమాదం జరిగితే ఆ బండిని పరిశీలించి తప్పు యంత్రానిదా, మనిషిదా అని పోలీసులకు రాసివ్వడం కూడా మా పనే. అప్పటికి నాకు ఇరవై ఏళ్లు దాటిన సర్వీసు. బండిని చూస్తే దాని రోగం చెప్పగలనన్న నమ్మకం బాగా ఉండేది.

ఆ ఏడాది చలికాలంలో పాత కార్ల యజమానులు కొందరు కలిసి యాచారం వైపు ఒక డ్రాగ్ రేస్ పెట్టుకుంటామని పోలీసులకు అర్జీ ఇచ్చారు. రెండు కార్లు పక్కపక్కన నిలబడి, జెండా పడగానే కదలకుండా ఉన్న చోటు నుంచి నాలుగు వందల మీటర్లు తిన్నగా దూసుకుపోవాలి. ముందు చేరినవాడిదే గెలుపు. ఇళ్లింకా లేవని ఒక ప్రైవేటు వెంచర్‌లోని సిమెంటు రోడ్డును ఎంచుకున్నారు. ప్రతి కారునూ రవాణా శాఖ అధికారి తనిఖీ చేయాలన్న షరతుతో పోలీసులు అనుమతి ఇచ్చారు. ఆ కాగితం నా టేబుల్ మీదికి వచ్చింది.

పదకొండు కార్లలో ఒకటి నాకు తెలిసిన బాల్‌రాజ్ ఫియట్. మన్నెగూడ చౌరస్తా దాటాక అతనికి మెకానిక్ షెడ్డు, అందులోనే ఇనుము కోసే ఒక లేత్ మిషన్ ఉండేవి. కారు నడిపేది మాత్రం అతని చెల్లెలు సునీత. ఆమె డ్రైవింగ్ స్కూల్లో శిక్షకురాలు. వారానికి రెండుసార్లు లైసెన్సు పరీక్షకు మనుషులను తీసుకుని మా ట్రాక్‌కు వచ్చేది. నువ్వు నడుపుతావా అని ఆశ్చర్యపోతే నవ్వింది.

“మా అన్నకు బండి తయారు చేసుడు వస్తది గని నడుపుడు రాదు సార్. క్లచ్ ఎప్పుడు వదలాల్నో నా కాలుకు తెల్సినట్టు ఆయనకు తెల్వది.”

రేస్ రోజు పొద్దున ఎనిమిదింటికి తనిఖీ మొదలుపెట్టాను. నలభై ఏళ్ల నాటి ఆ ఫియట్‌ను బాల్‌రాజ్ ముద్దుగా చేసుకున్నాడు. స్టీరింగ్ పక్కనుండే గేరు రాడ్డును కిందికి మార్చాడు. రెండు కార్బురేటర్లు పెట్టాడు. వెనక సీటు తీసేశాడు, తలుపుల లోపలి అట్టలు కూడా ఊడదీశాడు. నా ఫారం ప్రకారం బ్రేకులు, స్టీరింగ్, టైర్లు, పెట్రోలు పైపులు, బ్యాటరీ బిగింపు, బెల్టు చూశాను. సునీత నడుపుతుంటే ఎడమ సీట్లో కూర్చుని బ్రేకు పరీక్ష చేశాను. బండి పక్కకు లాగకుండా గీత గీసినట్టు ఆగింది.

నేను కిందికి దిగుతుంటే బాల్‌రాజ్ సంబరంగా అన్నాడు: “బండి మస్తు తేలిక చేసిన సార్. పైనొక్కటే కాదు, లోపల గూడ.”

లోపల అంటే సీట్లు, అట్టలు అనుకున్నాను. సంతకం పెట్టాను.

మొదటి పరుగులో సునీత సులువుగా గెలిచింది. రెండోసారి గీత దగ్గర ఇంజన్ వేగాన్ని ఇంకా పెంచింది. ఆ చప్పుడు విని, ఇంత పాత ఇంజన్ ఇంత వేగంగా తిరుగుతుందా అనుకున్నాను. జెండా పడింది. ఆమె క్లచ్ వదిలింది.

క్వారీలో మందు పేలినట్టు ఒక్క పెట్టున శబ్దం. టైరు పగిలిందనుకున్నాను. అప్పటికే బానెట్ వెనక అంచు పైకి లేచింది, ముందు అద్దం తెల్లబారింది, నల్లటిదేదో మా తలల మీదుగా పోయి ఎర్రమట్టిలో పడింది. ఫియట్ కొద్దిదూరం దొర్లి ఆగిపోయింది. పక్క కారతనికి ఏమీ తెలియదు, చివరిదాకా పోయి చెయ్యి ఊపుతున్నాడు.

పరుగెత్తాను. ఆ పొద్దున నేను కూర్చున్న ఎడమ సీటు ముందు నేల రేకు డబ్బా కోసినట్టు చీలి ఉంది. సీటు దిండు రెండుగా తెగి, లోపలి పీచు పైకి వచ్చింది. సునీత రెండు చేతులూ ఇంకా స్టీరింగ్ మీదే ఉన్నాయి. ఆమె కిందికి చూడటం లేదు.

“సార్, నా ఎడమ కాలు ఉన్నదా?” అని అడిగింది. గొంతులో ఏడుపు లేదు.

ఉంది. బూటు ముందుభాగం మాత్రం లేదు. ఉంది, ఉంది అని రెండుసార్లు చెప్పాను. అక్కడే నిలిపి ఉంచిన అంబులెన్సులో దవాఖానకు పంపించాము. కానిస్టేబుల్ తన పుస్తకంలో నా పేరు రాయమంటే పెన్ను పట్టుకున్నాను గానీ పేరులో మొదటి అక్షరం తట్టలేదు. అతనే రాసుకున్నాడు.

బాల్‌రాజ్ మట్టిలో కూర్చుని ఉన్నాడు. అతని ముందు సగం చందమామ ఆకారంలో ఒక ఇనుప ముక్క. అంచున పళ్లు చూసి గుర్తుపట్టాను, అది ఫ్లైవీల్. ఇంజన్ వెనక బిగించే బరువైన పోత ఇనుము చక్రం అది. దాని బరువు తగ్గిస్తే ఇంజన్ త్వరగా వేగం అందుకుంటుంది. కానీ పోత ఇనుమును పలచగా కోసి, హద్దు మీరి తిప్పితే అది నిలవదు. పగిలిన ముక్కలను దాని మీద కప్పిన పలచని అల్యూమినియం డొప్ప ఆపలేదు.

“లేత్ మీద నేనే కోసిన సార్,” అన్నాడు బాల్‌రాజ్. “మీకు చెప్పిన గద, లోపల గూడ తేలిక చేసిన అని.”

నన్ను నిందించడానికి అన్న మాట కాదది. జరిగింది జరిగినట్టు చెప్పాడు, అంతే. నేనూ అక్కడే రోడ్డు అంచున కూర్చున్నాను.

నేను పాస్ చేసిన బండిని నేనే ప్రమాద తనిఖీ చేయకూడదు. వేరే అధికారిని పంపమని పై ఆఫీసుకు రాశాను. ఇక నా వాంగ్మూలం మిగిలింది. ఈలోగా తెలిసిందేమంటే, బాల్‌రాజ్ పోలీసుల దగ్గర, సారుకు నేను ఏం చెప్పలేదు, తప్పంతా నాదే అని రాయించాడు. నా సీనియర్ ఒకాయన ఫోన్ చేసి, “ఆయననే చెప్పలేదంటుండు, నువ్వెందుకు మీదేసుకుంటవ్?” అన్నాడు. రెండు రోజులు ఆ కాగితం ఖాళీగానే ఉంచాను.

మూడో రోజు సునీతను చూడటానికి దవాఖానకు పోయాను. రెండు కాలి వేళ్లు తీసేశారు, చీలమండలో ప్లేటు వేశారు. అన్న వాంగ్మూలం సంగతి ఆమెకు తెలుసు.

“మా అన్న అబద్ధం చెప్పిండు సార్,” అంది. “ఆ మాట అన్నప్పుడు నేను స్టీరింగ్ కాడనే ఉన్న. మీరు విన్నరు, అడగలే. నేను గూడ విన్న, అడగలే.”

ఆ సాయంత్రమే రాశాను: యజమాని నాకు చెప్పాడు, నేను వివరం అడగలేదు. ఛార్జ్ మెమో వచ్చింది. విచారణ తర్వాత నా సర్వీసు రిజిస్టరులో అభిశంసన నమోదైంది. బాల్‌రాజ్‌కు కోర్టులో శిక్ష పడింది గానీ జైలు తప్పింది. షెడ్డు నడుపుకుంటున్నాడు, రేసు బండ్లు ముట్టుకోడు. ఎనిమిది నెలల తర్వాత సునీత మళ్లీ పనిలో చేరింది. ఆమె క్లచ్ తొక్కగలదా అన్న పరీక్షను నేను చేయకుండా మరో అధికారికి అప్పగించాను. ఆయన పాస్ చేశారు.

తనిఖీ ఫారంలోని గళ్లు ఫ్యాక్టరీ నుంచి వచ్చిన బండి కోసం గీసినవి. ఒక మనిషి తన చేత్తో మార్చిన బండికి అవి చాలవు. ఆ తర్వాత రిటైరయ్యేదాకా, మార్పులు చేసిన ఏ బండి వచ్చినా యజమానికి ఒక తెల్ల కాగితం ఇచ్చి ఏం తీశావు, ఏం కోశావు, ఏం కలిపావు అని రాయించుకున్నాను. రాసిన ప్రతిదాన్నీ విప్పించి చూశాను. విప్పడానికి ఒప్పుకోని బండికి సంతకం పెట్టలేదు.