మగ్గం గుంతలో చీకటి

ఎమ్మిగనూరులో నా చిన్ననాటి సహపాఠి చీర నేస్తుండగా, యౌవనం నుంచి నన్ను వీడని కెమెరాతో ఫోటోలు తీశాను. అందులోని నలుపు తెలుపు రీలు గడువు తీరి చాలా కాలమైంది. నా వద్ద మిగిలిన చివరిది అదే. ఆఖరి ఫోటో తీసి మీట లాగగానే లోపల ఫిల్ము తెగింది. తెగినదాన్ని వెనక్కి చుట్టలేను; వెలుతురులో కెమెరా తెరిస్తే తీసినవన్నీ పోతాయి.

నేతగాడు కాళ్లు పెట్టుకొనే మగ్గం గుంత నా కంటబడింది. చొక్కా మడత నలగనివ్వని నేను, కెమెరాతో, ఒక స్టీలు డబ్బాతో అందులోకి దిగి ముడుచుకొని కూర్చుని, ఇంట్లోని కంబళ్లన్నీ పైన కప్పించుకున్నాను.

"ఏమన్నా, కొత్త పెండ్లికూతురు మాదిరి ముసుగేసుకోని కూసున్నావు! పాట పాడల్నా?" అంది పైనుంచి అతని భార్య.

"నవ్వించకమ్మా, ఫిల్ము చేజారుతోంది!"

"నవ్వనీలే," అన్నాడు సహపాఠి. "బడిలో గూడా వాడు నవ్వంగా సూసినోడు ల్యాడు."

అంతటితో నా నిగ్రహం కూలింది. కడుపుబ్బ నవ్వుతూనే, వేళ్లతో తడుముకుంటూ ఫిల్మును చుట్టి డబ్బాలో పెట్టి మూత బిగించాను.

ఆదోనిలోని మా ఇంటికి తిరిగివచ్చి, చీకటి చేసిన స్నానాలగదిలో ఫిల్మును మందునీళ్లలో కడిగాను. పాత ఫిల్ము కాబట్టి ఇసుక చల్లినట్టు చుక్కలున్నా, ఫోటోలన్నీ దక్కాయి. తడి ఫిల్మును చేత పట్టుకొనే అతనికి ఫోన్ చేశాను. నవ్వు ఆగక, చాలాసేపు సంగతి చెప్పలేకపోయాను.