రెండు వందల పన్నెండు పేర్లతో మాచర్లకు

నరసరావుపేట నుంచి మాచర్ల వెళ్ళదలచినవారికి రెండు దారులున్నాయి. గుంటూరు వెళ్ళి అక్కడ మాచర్ల రైలెక్కడం ఒకటి. బస్సులో గురజాల దాకా వెళ్ళి అక్కడ ఆ రైలునే అందుకోవడం రెండోది. మొదటిది సుఖం, రెండోది దగ్గర. నేను రెండో దారిన వెళ్ళాను. నేను వెళ్ళింది చుట్టపుచూపుకు కాదు, ఒక మనిషి రాసిన పుస్తకంలో తప్పులు పట్టడానికి. అలాంటి పనికి తొందరెక్కువ.

నేను నరసరావుపేటలో హైస్కూలు సైన్సు మాస్టర్ని. పాఠాలు తెలుగులో చెప్పమన్నారు గాని జంతువుల వర్గాల పేర్లు మాత్రం లాటినూ గ్రీకూ గానే మిగిలాయి. పిల్లలకు నోరు తిరగదు, తిరిగినా అర్థం తెలియదు. అందుకని ఆరేళ్ళు కూర్చుని ఒక పుస్తకం రాశాను. ప్రతి పేరూ ఎలా పలకాలో, ఎక్కడ విరవాలో, విరిగిన ముక్కకు అర్థమేమిటో అందులో ఉంది. విరిచేచోట ఎర్రసిరాతో గీత. మొత్తం రెండు వందల పన్నెండు పేర్లు. గుంటూరులో ఒక పబ్లిషరు అచ్చువేస్తానన్నాడు. ఇంటిల్లిపాదికీ చెప్పుకున్నాను.

శ్రావణమాసంలో ఆయన దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. యుద్ధం వల్ల కాగితం దొరకడం లేదనీ, ఇటువంటి పుస్తకమే మాచర్ల నుంచి ఖాసిం గారిది కూడా వచ్చిందనీ, ఒక్కదానికే కాగితం ఉందనీ, మీరిద్దరూ మాట్లాడుకుని ఏది వెయ్యాలో నెలాఖరులోగా తేల్చమనీ దాని సారాంశం.

ఖాసిం పేరు చూడగానే నాకు ఒళ్ళు మండింది. గుంటూరు కాలేజీలో రెండేళ్ళు మేమిద్దరం ఒకే బెంచీ. లెక్చరరుగారు బోర్డుమీద మూరెడు పేరు రాసి మమ్మల్ని లేపేవారు. నేను తడబడకుండా పలికేవాణ్ణి. ఖాసిం దాన్ని ముక్కలు చేసి, ఆ జంతువుకు ఆ పేరు ఎందుకొచ్చిందో చెప్పేవాడు. నన్ను ఆయన "భేష్" అనేవారు. ఖాసిం చెప్పింది విని ఒక్క క్షణం ఆగి, "అవును కదా!" అనేవారు. నా భేషులన్నీ ఒకవైపు, ఆ ఒక్క "అవును కదా" ఒకవైపు. పదేళ్ళయినా నాకు ఆ కుళ్ళు పోలేదు. దాచుకోవడం ఎందుకు?

బుధవారం పొద్దున ఆరింటికి బస్సు అన్నారు. పెట్రోలు కరువు గనక అది బొగ్గుతో నడిచే బస్సు. వెనక నిలబెట్టిన పీపాలో బొగ్గు రాజేసి, గాలి కొట్టే చక్రం తిప్పి, అది నడవడానికి ఒప్పుకునేసరికి ఏడూ పది అయింది. టిక్కెట్టు పద్నాలుగణాలు. ముందు సీట్లో కూర్చోవాలనుకునేవారు అయిదున్నరకే వెళ్ళడం మంచిది. వెనక కూర్చుంటే దిగేసరికి మసికి మొహాలు గుర్తుపట్టలేం.

నా పక్కన ఒక పెద్దావిడ కూర్చుంది. మాచర్లలో కూతురింటికి వెళుతోందట. నా ఒళ్ళో ఉన్న పుస్తకం చూసి, "ఏందయ్యా అది, పద్దుల పుస్తకమా?" అంది.

"కాదమ్మా, జంతువుల పేర్లు. పెద్దపెద్ద పేర్లు," అని, ఆవిడకు తెలియనిదేదో చెప్పాలని సరదా పుట్టి, "తేలుందనుకో, దాన్ని మేం ఆర్త్రోపోడా అంటాం," అన్నాను.

"కీళ్ళకాళ్ళదిగా?" అంది ఆవిడ. "మా మనవడు ఎప్పుడూ అదే గోల. తేలు, పీత, బొద్దింక, అన్నీ కీళ్ళకాళ్ళేనంట. మాచర్లలో సాయిబు మాస్టారు జెప్తాడు. చానా బాగా జెప్తాడయ్యా. నువ్వు ఎరగవా?"

ఎరుగుదునన్నాను. ఆ తర్వాత పిడుగురాళ్ళ దాకా కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను. వానలు పడి జొన్నచేలు పచ్చగా ఉన్నాయి. నల్లరేగడిలో బండ్లు దిగబడిపోయి ఉన్నాయి. మా బస్సు కూడా ఒకచోట దిగబడితే మగవాళ్ళందరం దిగి తోశాం. నా పంచె మోకాళ్ళ దాకా బురదయింది. పుస్తకం మాత్రం నెత్తిమీద పెట్టుకుని తోశాను.

పదకొండున్నరకు గురజాల చేరాం. స్టేషను దగ్గర హోటల్లో జొన్నరొట్టె, గోంగూర పచ్చడి దొరికాయి. రేషను వల్ల అన్నం ఒక్కసారే వడ్డిస్తున్నారు. రైలు ఒంటిగంటన్నరకు రావలసింది రెండూ ఇరవైకి వచ్చింది. మూడో తరగతిలో చోటు సులువుగానే దొరికింది. రెంటచింతల దాటాక దారి పొడుగునా నాపరాళ్ళు నిలబెట్టి కట్టిన దడులు చూడదగ్గవి. నేను సగమే చూశాను. మిగతా సగం సేపు ఖాసింకు చెప్పవలసిన మాటలు వల్లించుకున్నాను. నా పుస్తకం పెద్దది, నాది ముందు మొదలయింది, పలకడంలో నాకు లెక్చరరుగారి భేష్ ఉంది, ఇలాగ.

నాలుగింటికి మాచర్ల స్టేషన్లో దిగేసరికి ఖాసిం గొడుగు పట్టుకుని నిలబడి ఉన్నాడు. కబురు ముందే పంపాను గాని వస్తాడనుకోలేదు.

"ఏరా రంగా! సన్నబడ్డావేందిరా?" అని నా సంచీ లాక్కున్నాడు. "సత్రంలో గది చెప్పా. భోజనం కోమట్ల వీధిలో హోటల్లో చెప్పా. నువ్వు మా ఇంట్లో తినవుగా, అందుకని. తింటానంటే మాత్రం మా ఇంటావిడకి సంతోషం."

నా ఆచారం నాకంటే ముందు వాడికే గుర్తుంది. అదీ నాకు నచ్చలేదు. వాడేదైనా మోటుతనం చేస్తే బాగుండునని స్టేషను నుంచి సత్రం దాకా కనిపెట్టి చూశాను. చెయ్యలేదు. పుస్తకం మాట ఎత్తబోతే, "రేపు పొద్దున బడికి రా, అక్కడ మాట్లాడదాం," అన్నాడు.

గురువారం పదీ నలభైకి వాడి అయిదో ఫారం క్లాసులో వెనక బెంచీలో కూర్చున్నాను. నా క్లాసులో అయితే పేరు బోర్డు మీద రాసి, పలికించి, రానివాణ్ణి బెంచీ ఎక్కిస్తాను. ఖాసిం బోర్డు ముట్టుకోలేదు. పుస్తకాలు మూయించాడు. బల్ల మీద ఒక చెక్క పెట్టి, సీసాలోంచి ఒక గబ్బిలాన్ని తీసి, దాని రెక్క లాగి సూదులతో చెక్కకు గుచ్చాడు.

"ఇది మీకు తెల్సిందే. తెలియందనుకోండి. దగ్గరికి రండి, తాకండి, చూసి దీనికి పేరు పెట్టండి," అన్నాడు.

వాడి క్లాసులో అదే ఆనవాయితీ అట. జంతువును తాకి, చూసి, పిల్లలు తెలుగులో ఒక పేరు పెట్టిన తర్వాతగాని గ్రీకువాడు పెట్టిన పేరు వాడు చెప్పడు.

"తోలురెక్కలది సార్," అన్నాడొకడు.

"తలకిందులది," అన్నాడింకొకడు. అందరూ నవ్వారు.

ముందు వరసలో ఒక బక్కపిల్లవాడు రెక్క మీద వంగి, వేలితో ఒక్కొక్క ఎముకపుల్లనే తడుముతున్నాడు. "ఒకటి పొట్టిది, నాలుగు పొడుగు," అని గొణిగాడు. తన చెయ్యి చాపి రెక్క పక్కన పెట్టాడు. "సార్, ఇది రెక్క కాదు సార్. చెయ్యి! వేళ్ళ మధ్య తోలు సాగదీశారు. చెయ్యే రెక్కయింది."

అప్పుడు ఖాసిం బోర్డు మీద కైరాప్టెరా అని రాశాడు. "కీర్ అంటే చెయ్యి, ప్టెరాన్ అంటే రెక్క. ఆ ప ఉందే, అది మాట మొదట్లో ఉంటే మింగెయ్యండి, మధ్యలో ఉంటే పలకండి. వాడూ చేతిరెక్కలది అనే పెట్టాడురా కోటయ్యా, నీ మాదిరే."

ముప్ఫై మందీ కై-రాప్-టె-రా అని ఒక్కసారే పలికారు. ఒక్కడూ తడబడలేదు. ఆ పేరు కోసం నా క్లాసులో రెండు బెత్తాలు విరిగాయి. నా నోట్లోంచి "అవును కదా" అని రాబోయింది. పళ్ళు బిగించాను. ఇంకా ఘోరమేమిటంటే, ఆ పేరు నా పుస్తకంలో ఎర్రగీతతో సహా ఉంది. గబ్బిలం రెక్కలో వేళ్ళుంటాయని రాశాను గాని, అవి అయిదని నేనెన్నడూ లెక్కపెట్టి చూడలేదు.

పన్నెండింటికి వరండాలో కూర్చున్నాం. ఖాసిం టీ తెప్పించాడు. తాగాను, ఆచారం మాట తర్వాత చూసుకోవచ్చని.

"గంటకు ఒక్క పేరా?" అన్నాను. నాకు దొరికిన తప్పు అదొక్కటే. "ఏడాదికి ఎన్నవుతాయి?"

"ముప్ఫై అయితే గొప్ప."

"నా దాంట్లో రెండు వందల పన్నెండు ఉన్నాయి."

"తెలుసు. అందుకే నీదే వెయ్యమని మొన్ననే పబ్లిషరుకి కార్డు రాశా."

నేను టీ గ్లాసు కింద పెట్టాను.

"నాది నేను పంపలేదురా," అన్నాడు. "మా హెడ్మాస్టరు ముచ్చటపడి నన్నడక్కుండా పంపాడు. అది అచ్చయితే ఇంకేముంది? జవాబు పుస్తకంలోనే ఉంటే గబ్బిలాన్ని తాకేదెవడు? నీది పరీక్షలకు పనికొస్తది. వెయ్యనీ."

వాడి పుస్తకం తెచ్చి నా చేతికిచ్చాడు. పబ్లిషరుకు వెళ్ళింది నకలట. ఇందులో పేజీకొక దస్తూరీ ఉంది. ఏ పిల్లవాడు పేరు పెట్టాడో, ఏ ఊరివాడో, జంతువు ఎక్కడ దొరికిందో ఆ పిల్లవాడే రాశాడు. రోకలిబండ పురుగు పేజీలో ఇలా ఉంది: "మిరియాపోడా అనగా పదివేల కాళ్ళది. నేనూ మా తమ్ముడూ లెక్కపెట్టాము. రెండు వందలు కూడా లేవు. పేరు పెట్టినాయన లెక్కపెట్టలేదు." నాకు నవ్వొచ్చింది. నవ్వినందుకు నామీద నాకే కోపం వచ్చింది.

నేను గెలిచాను. గెలవడానికి వల్లించుకొచ్చిన మాటలన్నీ నా దగ్గరే మిగిలిపోయాయి. వాడు పోట్లాడి ఓడిపోయి ఉంటే సంతోషంగా తిరిగొచ్చేవాణ్ణి. నేను ఆరేళ్ళుగా కోరుకున్నదాన్ని వాడు అక్కర్లేదని పక్కకు జరిపాడు. వాడి దగ్గరున్నది మాత్రం, అడిగినా ఇవ్వగలిగింది కాదు.

రెండున్నర రైలుకు నన్నెక్కించి, "అచ్చయ్యాక ఒకటి పంపు. మీ ఆవిడకి నమస్కారం చెప్పు," అన్నాడు. పంపుతానన్నాను. ఆ సాయంత్రం గురజాల సత్రంలో బస చేశాను. నల్లులు లేవు, బావినీళ్ళు తియ్యగా ఉన్నాయి.

శుక్రవారం ఏడింటి బస్సెక్కితే, తొమ్మిది దాటాక పిడుగురాళ్ళ అవతల బొగ్గు చాలక ఆగిపోయింది. అరగంట పడుతుందన్నారు. అందరం దిగాం. రోడ్డు పక్క పేడకుప్ప దగ్గర ఒక పేడపురుగు నల్లగా నిగనిగలాడుతూ ఉండ దొర్లిస్తోంది. కోలియాప్టెరా. కోలియోస్ అంటే ఒర, ప్టెరాన్ అంటే రెక్క. ఒరరెక్కలది. నా పుస్తకంలో నలభై ఒకటో పేరు. ఆ ఒర తీసి లోపల నేనెన్నడూ చూడలేదు.

అటూ ఇటూ చూశాను. పక్కనున్న పొగాకు బేరగాడు, "ఏంది సామీ, పేడపురుగుని పట్టుకుంటన్నావు?" అన్నాడు. దాన్ని పట్టుకుని వీపు మీది గట్టి డిప్పను గోటితో మెల్లగా ఎత్తాను. దానికింద, పట్టుచీర పెట్టెలో మడత పెట్టినట్టు, పల్చటి రెక్క మడిచి ఉంది. గోధుమరంగులో సన్నటి ఈనెలు. పురుగు విదిలించుకుని ఆ రెక్క పూర్తిగా విప్పింది. దాని ఒళ్ళుకంటే రెట్టింపు పొడుగుంది. బుర్రుమని నా చేతిలోంచి ఎగిరిపోయింది.

నాకు చెప్పలేనంత ఆనందం కలిగింది. అది ఎంతోసేపు ఉండలేదు. ఖాసిం దీన్ని నాకంటే ఏళ్ళ ముందే చూసి ఉంటాడు అనిపించింది.

బస్సు కదిలాక పుస్తకం తెరిచి మొదటి పేజీ నుంచి చూస్తూ వచ్చాను. రెండు వందల పన్నెండులో నేను చేత్తో పట్టుకుని చూసినవాటికి పెన్సిలుతో చుక్క పెట్టాను. నరసరావుపేట పొలిమేర వచ్చేసరికి పదకొండు చుక్కలయ్యాయి. పేడపురుగుతో పన్నెండు.

పల్నాడు ప్రయాణం ఎలా ఉందని అడిగేవారికి చెబుతున్నాను. దారి కష్టం, మనుషులు మర్యాదస్తులు, ఆ మర్యాద తట్టుకోవడం మరీ కష్టం. వానాకాలంలో వెళ్ళేవారు రెండో పంచె తీసుకువెళ్ళాలి.

పదకొండూ ముప్పావుకు బస్సు దిగి, ఇంటికి వెళ్ళకుండా ముందు పోస్టాఫీసుకు వెళ్ళి ఒక కార్డు కొన్నాను. కౌంటరు దగ్గరే నిలబడి పబ్లిషరుగారికి రాశాను: "ఆ కాగితం మరెవరి పుస్తకానికైనా వాడుకోండి. నాది పూర్తి కావడానికి ఇంకా చాలా ఏళ్ళు పట్టేటట్టుంది. ఒక్క మనవి. ఈ సంగతి మాచర్ల ఖాసిం గారికి మాత్రం తెలియనివ్వకండి."