క్లచ్ వదిలే క్షణం

సఖినేటిపల్లి రేవులో మా చిన్నమావయ్య వ్యాను పంటు ఎక్కబోతూ ఆగిపోయిన రోజు నేను ఆయన పక్క సీట్లోనే ఉన్నాను. వ్యాను కొత్తది. వెనక నిండా కొబ్బరికాయలు. బళ్లని కూడా మోసే ఆ పంటు పడవ మీద వాటిని గోదావరి దాటించి నరసాపురంలో దింపాలి. ఒడ్డు నుంచి పంటు మీదికి వేసిన ఇనప పలకల మీద ముందు చక్రాలు ఎక్కాయి. మావయ్య క్లచ్ వదిలాడు. ఇంజను ఒక్కసారి మూలిగి ఆగిపోయింది. మళ్లీ స్టార్ట్ చేశాడు, మళ్లీ ఆగింది. మూడోసారికి వెనకున్న మోటారు సైకిళ్లన్నీ హారన్లు మొదలుపెట్టాయి.

పంటు నడిపే సరంగు పైనుంచి కేకేశాడు. "ఏవండోయ్, ఎక్కుతారా, మమ్మల్నే దిగి తొయ్యమంటారా?"

"ఆయ్, వచ్చేత్తన్నానండి! కొత్త బండండి, దీని బుద్ధి ఇంకా అంతుపట్టలేదండి," అన్నాడు మావయ్య. తర్వాత నావైపు తిరిగాడు. "ఇంజన్లకి తెలివి పెట్టే ఉద్యోగం అంటావు కదమ్మా. మరి దీనికి ఈ తెలివి ఎవరు పెట్టేరమ్మా?"

ఆ బండి మా కంపెనీది కాదు. అయినా నాకు సిగ్గేసింది. మేము తెలివి పెట్టిన ఇంజనూ అక్కడ అలాగే ఆగిపోతుందని నాకు తెలుసు.

నేను చెన్నైలో ఒక కంపెనీలో ఇంజనీరుని. ఇప్పటి బళ్లలో ఇంజను దగ్గర అరచేయంత పెట్టె ఒకటి ఉంటుంది. ఏ క్షణాన ఎంత డీజిలు చిమ్మాలో నిర్ణయించేది అదే. డ్రైవరు కాలు అడుగుతుంది, పెట్టె ఇస్తుంది. యాక్సిలరేటర్ మీద కాలు లేనప్పుడు ఇంజను ఆగకుండా నిదానంగా తిప్పుతూ ఉండేదీ అదే. వేగం తగ్గితే కాస్త డీజిలు పెంచుతుంది. చదును రోడ్డు మీద ఇది చాలు. నిండు లోడుతో ఎత్తు ఎక్కేటప్పుడు మాత్రం, వేగం తగ్గిందని పెట్టె గ్రహించి డీజిలు పెంచేలోపే ఇంజను ఆగిపోతుంది.

చివరికి నలుగురు వెనక నుంచి తోస్తే వ్యాను పంటెక్కింది. గోదావరి మధ్యలో ఉండగా అడిగాను, "పాత బండి ఎప్పుడైనా ఇలా ఆగిందా మావయ్యా?"

"ఎందుకాగుద్ది? క్లచ్ వదుల్తుంటే ఇంజను గొంతు మారుద్ది కదా. మారీ మారకముందే నా కాలు తొక్కేసేది. ఇప్పుడీ బండేమో నేను తొక్కినా, అది ఆలోచించుకుని ఇత్తాది."

నవ్వాను గానీ ఆ మాట నన్ను వదల్లేదు. గొంతు మారీ మారకముందే. ఇంజను చక్రానికి పళ్లుంటాయి. ఒక్కో పన్ను సెన్సరు ముందు నుంచి ఎంతసేపట్లో దాటుతోందో పెట్టెకి ఎప్పుడూ తెలుస్తూనే ఉంటుంది. ఇంజను ఒక చుట్టు తిరిగేలోపే క్లచ్ పట్టుకుంటోందని కనిపెట్టగలిగితే, వేగం పడిపోయేదాకా ఆగక్కర్లేదు. నరసాపురం రేవు వచ్చేదాకా మావయ్యని ప్రశ్నలతో వేపుకు తిన్నాను. ఆయనకది మహా సరదాగా ఉంది. పాతికేళ్లు బండి నడిపినా, ఎలా నడుపుతావని ఆయన్ని ఎవరూ అడగలేదట.

చెన్నై వెళ్లి నాలుగు నెలలు దానిమీదే కూర్చున్నాను. ల్యాబులో ఇంజను ఆగమన్నా ఆగలేదు. మా పై అధికారి మెచ్చుకుని, పరీక్షించడానికి ఒక వ్యాను ఇచ్చాడు. "ఎక్కడ పరీక్షిస్తావు?" అంటే "మా ఊరి పంటు మీద," అన్నాను. ఆయనకి పంటంటే ఏమిటో చెప్పడానికి పావుగంట పట్టింది.

నాతో ఒక తమిళ సహోద్యోగి వచ్చాడు. రాజోలు దగ్గర మా ఇంట్లో అమ్మ పనసాకు బుట్టల్లో ఉడికించిన ఇడ్లీలు, పొట్టిక్కలు పెడితే, ఈ ఆకు బుట్టల్ని కూడా తినాలా అని అడిగాడు. అమ్మ చాలా గంభీరంగా "మొదటిసారి వచ్చినోళ్లు తింటారు బాబూ," అంది. అతను నిజమేననుకుని ఆకు కొరికాడు. అప్పుడిక అమ్మకి నవ్వాగలేదు.

మర్నాడు వ్యాను నిండా కొబ్బరికాయలు వేసుకుని బయల్దేరాం. మావయ్య స్టీరింగు దగ్గర, నేను మధ్యలో, నా సహోద్యోగి ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని కిటికీ పక్కన. తారు రోడ్డు మీద బండి ముచ్చటగా నడిచింది. కాలవ గట్టు మీద గతుకుల రోడ్డు ఎక్కి, మావయ్య మొదటి గేరులో పెట్టి యాక్సిలరేటర్ మీంచి కాలు తీసేసరికి, బండి ఒక్క గంతు వేసింది. తర్వాత ఇంకొకటి. ఆ తర్వాత ఆగకుండా గంతులే గంతులు. వెనక కాయలు డబడబలాడాయి. రెండు కాయలు కాలవలో పడ్డాయి. ల్యాప్‌టాప్ మూడుసార్లు గాల్లోకి లేచింది, నా సహోద్యోగి మూడుసార్లూ పట్టుకున్నాడు.

"అమ్మాయ్! ఇది బండా, మేకపిల్లా?" అని అరుస్తూనే మావయ్య క్లచ్ తొక్కి ఆపాడు.

సంగతి నాకు వెంటనే అర్థమైంది. చక్రం గతుకులో పడ్డప్పుడల్లా ఆ కుదుపు గేర్ల గుండా ఇంజను దాకా వస్తోంది. నా పెట్టె దాన్ని క్లచ్ పట్టుకోవడం అనుకుని డీజిలు ఇస్తోంది. బండి ఎగురుతోంది, ఆ ఎగురుడు మళ్లీ ఇంజనుకి తగులుతోంది. అర్థం కావడం వేరు, విరుగుడు తెలియడం వేరు. నాలుగు నెలల పని కాలవ పాలైందని గట్టు మీద దిగి నిలబడ్డాను.

మావయ్య నా పక్కకి వస్తే జరిగింది చెప్పాను. "రెండిట్నీ ఒకటే అనుకుంటందా నీ పెట్టె?"

"అవును మావయ్యా. రెండిటికీ ఇంజను నెమ్మదిస్తుంది కదా."

"ఎలా ఒకటవుద్దమ్మా? లోడు మీద పడ్డప్పుడు కొంచెం, ఇంకొంచెం, ఇంకా అని అంతకంతకీ బరువెక్కుద్ది. గతుకైతే ధబ్బుమని ఒక్కటే దెబ్బ. ఆ వెంటనే తేలికైపోద్ది. చెవికి తెలీట్లా?"

నాకు తెలియలేదు. కానీ ల్యాప్‌టాప్‌లో అన్నీ ఉన్నాయి. గట్టు మీదే కూర్చుని, పొద్దుటి నుంచి ఇంజను వేగం నమోదైన గీతలన్నీ విప్పి చూశాం. క్లచ్ పట్టుకునేటప్పుడు మొదటి తగ్గుదల చిన్నది, రెండోది అంతకన్నా పెద్దది, మూడోది ఇంకా పెద్దది. గతుకులో పడ్డప్పుడు మొదటిదే పెద్దది, రెండోది దానిలో సగం కూడా లేదు. ప్రతి గీతా మావయ్య చెప్పినట్టే ఉంది. నా సహోద్యోగి ల్యాప్‌టాప్ పక్కన పెట్టి, లేచి మావయ్యకి రెండు చేతులూ జోడించాడు. ఆయన కంగారుపడిపోయి "అయ్యో, ఊరుకోండి సార్," అంటూ తనూ దణ్ణం పెట్టేశాడు.

పెట్టెకి ఆ తేడా నేర్పడానికి రెండు రోజులు పట్టింది. మూడో రోజు అదే గట్టు మీద బండి పద్ధతిగా నడిచింది. రేవులో ఇనప పలకల మీద మావయ్య కావాలని యాక్సిలరేటర్ మీద నుంచి కాలు పూర్తిగా తీసి, దాన్ని పైకెత్తి మాకు చూపించి, క్లచ్ మెల్లగా వదిలాడు. ఇంజను గొంతు కాస్త బరువెక్కింది, అంతే. వ్యాను నిదానంగా పంటెక్కింది. తోయడానికి సిద్ధంగా నిలబడ్డ సరంగు చేతులు దులుపుకుని, "ఏవండీ, పని లేకుండా చేసేరు," అన్నాడు. పంటు మీద మేం ముగ్గురం పిచ్చివాళ్లలా నవ్వుకున్నాం.

దానికి పేటెంటు వచ్చింది. అంతకుముందు నా పేరు మీద రెండు ఉన్నాయి గానీ, ఇంట్లో వాళ్లకి అర్థమైంది ఇదొక్కటే. కాగితాలు తెచ్చి అమ్మకి చూపించాను. అమ్మ ముప్పై ఏళ్లు హైస్కూల్లో తెలుగు చెప్పిన మనిషి. నేను దానిలో అసలు భాగాన్ని కాగితం మీద తెలుగులో రాసి చదివాను. చట్టం కోసం అదంతా ఒకే వాక్యంలో ఉండాలి. పేజీ అయ్యింది, అయినా వాక్యం పూర్తి కాలేదు.

"ఆగాగు. ఇంత వాక్యంలో క్రియెక్కడే?" అంది అమ్మ.

ఇద్దరం కలిసి వెతికాం. చివరికి రెండో పేజీలో దొరికింది. అమ్మ దానికింద ఎర్ర పెన్నుతో గీత గీసి, "బాగానే రాసేరు గానీ, కామాలు ఎక్కువయ్యాయి," అని నాకిచ్చేసింది. ఆ ఎర్ర గీతతోనే ఆ కాగితం ఇప్పుడు మా ఆఫీసు గోడ మీద ఉంది.

ఆ ఆదివారం చర్చిలో పాస్టరుగారు, కృతజ్ఞతలు చెప్పుకునేవాళ్లు లేవండి అన్నారు. ఒకావిడ మనవరాలు పుట్టినందుకు చెప్పింది, ఒకాయన కళ్ల ఆపరేషన్ బాగా జరిగినందుకు. అమ్మ లేచింది. "మా అమ్మాయీ మా తమ్ముడూ కలిసి, ఇంజను ఆగిపోబోతోందని ముందే తెలుసుకునే తెలివి కనిపెట్టేరండి. అందుకు దేవుడికి స్తోత్రాలు," అంది. తన పేరు వస్తుందనుకోని మావయ్య వెనక వరసలో తల దించేసుకున్నాడు. చెవులు ఎర్రబడ్డాయి. పాస్టరుగారు అందరినీ చప్పట్లు కొట్టమన్నారు.

ఆరాధన అయ్యాక చర్చి ఆవరణలో నా చుట్టూ ఐదుగురు మూగారు. నన్ను అభినందించడానికే అనుకున్నాను.

"అమ్మా, మా స్కూటీ పొద్దున్న లేవదండి," అంది ఒకావిడ.

"మాది లేత్తాదండి గానీ, బ్రేకేస్తే ఇంజను ఆగిపోద్దండి," అన్నాడు ఇంకొకాయన.

వేపచెట్టు నీడలో మూడు స్కూటర్లు, ఒక మోపెడ్ వరసగా నిలబెట్టేశారు. మావయ్య అప్పటికే తన వ్యానులోంచి స్పానర్లు తెచ్చేశాడు. నేను పట్టుచీర కుచ్చిళ్లు పైకి దోపుకుని మొదటి స్కూటరు ముందు కూర్చున్నాను.

"స్టార్ట్ చెయ్యండి. ఎవరూ మాట్లాడకండి," అన్నాడు మావయ్య. "ముందు దాని గొంతు విందాం."