సోంపు గింజల కంటి పరీక్ష

ఆ రోజుల్లో నాకొచ్చే కోపంలో పదో వంతు కూడా ఇప్పుడు రావడం లేదు. వయసు వల్లనో, రక్తపోటు మాత్రల వల్లనో తెలియదు. అప్పుడు మాత్రం బస్సు ఆగకపోతే కోపం, ఆగితే లోపల కాళ్ళు తొక్కారని కోపం. కంటి పరీక్షల చదువు పూర్తిచేసి కాకినాడ నుంచి హైదరాబాదు వచ్చి, బోరబండలో పిన్నీ బాబాయిల ఇంట్లో దిగాను. వారం తిరక్కుండానే బాబాయి నాకు ‘టపాకాయ’ అని పేరు పెట్టాడు. (ఆ పేరు వింటే ఒళ్ళు మండేది. మండడం చూసి అందరూ అదే పేరు ఖాయం చేశారు.)

ఓ కంటి ఆసుపత్రిలో తొలి ఉద్యోగం. మూడు నాలుగేళ్ళ పిల్లలున్న చోటికల్లా వెళ్ళి వాళ్ళ చూపు పరీక్షించాలి. ఆ వయసులో ఒక కన్ను సరిగా కనిపించకపోయినా ఎవరికీ తెలియదు, రెండో కంటితో నెట్టుకొచ్చేస్తారు. వాడకంలో లేని కన్ను మెల్లగా బద్ధకిస్తుంది. చిన్నప్పుడే పట్టుకుంటే దారికొస్తుంది, ఏడెనిమిదేళ్ళు దాటాక పట్టుకుంటే ఫలితం తక్కువ. ఈ సంగతి నేను కనబడిన వాళ్ళందరికీ చెప్పేదాన్ని. వినకపోతే గట్టిగా చెప్పేదాన్ని. మా పెద్ద డాక్టరుగారు మాత్రం దేనికైనా నవ్వేవారు. రోగి తిట్టినా నవ్వు, కరెంటు పోయినా నవ్వు. ఆ నవ్వు చూస్తే కూడా నాకు కోపమే.

అప్పుడే మాదాపూరు రూపు మారుతోంది. గుండ్రటి పెద్ద భవనమొకటి లేస్తోంది, చుట్టుపక్కల బండలు పేలుస్తున్నారు. సెవెన్ సీటర్ ఆటోలో వెళ్తుంటే ఎర్రజెండా పట్టుకున్న మనిషి ఆపేవాడు, ఎక్కడో ఢామ్మనేది, దుమ్ము తగ్గాక మళ్ళీ కదిలేవాళ్ళం. దిగేసరికి నా జుట్టు మా అమ్మమ్మ జుట్టులా ఉండేది. ఆ దుమ్ములోనే, రేపు కంప్యూటర్ ఉద్యోగుల పిల్లలొస్తారన్న ఆశతో ఒకావిడ ఇంగ్లీషు ప్లేస్కూలు పెట్టింది. ప్రస్తుతానికి మాత్రం ఊళ్ళోవాళ్ళ పిల్లలే వస్తున్నారు. ఆమెను అందరూ మేడం అనేవారు, నేనూ అలాగే అంటాను. (మనసులో వేరే పేర్లున్నాయి, రాయకూడనివి.)

పిల్లలు భయపడకుండా ముందే చూపిస్తామని చెప్పి ఆ మేడం మా డాక్టరుగారి దగ్గర బొమ్మల చార్టు తెప్పించుకుంది. ఆయన నవ్వుతూ ఇచ్చేశారు. నేను వెళ్ళి చార్టు గోడకు తగిలించి, మొదటి పాపను నిలబెట్టి, కన్ను మూసే నల్ల గరిటె పైకెత్తానో లేదో, ఆ పిల్ల చేతులు కట్టుకుని “ఆపిల్, హౌస్, అంబ్రెల్లా, ఫిష్! థాంక్యూ మిస్!” అని రాగం తీసి వెళ్ళిపోయింది. రెండోవాడూ అంతే. మూడోవాడు చార్టుకు వీపు చేసి మరీ చదివాడు. అనుమానమొచ్చి చార్టును గోడవైపు తిప్పేశాను. అప్పుడు గదిలో పిల్లలందరూ కోరస్‌గా చదివారు, ఒక్క తప్పు లేకుండా.

“చూశారా, అందరికీ పర్‌ఫెక్ట్ ఐస్!” అని మేడం చప్పట్లు కొట్టింది. “అందరూ నార్మల్ అని ఒక సర్టిఫికెట్ ఇచ్చేయండి. పాంప్లెట్‌లో వేసుకుంటాం.”

“మీరు నేర్పింది పద్యమండీ. నేను చూడాల్సింది కళ్ళు,” అన్నాను. ముక్కుపుటాలు అదురుతున్నాయని నాకే తెలుస్తోంది. చార్టు చుట్టి సంచిలో కుక్కి, ఎదురుగా ఉన్న పాన్ డబ్బాకు వెళ్ళి చక్కెర పూసిన రంగుల సోంపు గింజలు కొనుక్కొచ్చాను. నల్లగుడ్డ మీద ఆ చిన్న గింజలు చల్లి, ఒక్కో పిల్లకు ఒక్కో కన్ను మూసి ఏరుకు తినమన్నాను. దీనికి పద్యం లేదు కదా! పిల్లలు తోసుకుంటూ లైనులో నిలబడ్డారు. ఒకసారి తిన్నవాళ్ళు మళ్ళీ వెనక చేరారు. మేడం మొహం మాడిపోయింది. అది చూసి నా కోపం కొంచెం చల్లబడింది.

ఆ లైనులో వచ్చాడు ఓ బొద్దు పిల్లాడు. ఎడమ కన్ను మూస్తే టకటకా ఏరుకుని తిన్నాడు. కుడి కన్ను మూశాను, అంతే, గరిటెను కొట్టి పారేసి, నా మణికట్టు దొరకబుచ్చుకుని పులిపిల్లలా కొరికాడు. నేను కేక పెట్టాను. కేక మధ్యలోనే విషయం తట్టింది. మంచి కన్ను మూస్తే లోకమే మాయమైపోయింది వాడికి, కొరక్క ఏం చేస్తాడు?

“వాడంతేనండీ,” అంది మేడం. “పెద్ద రౌడీ. గ్లాసులో నీళ్ళు పోయమంటే కావాలని పక్కన పోస్తాడు. రోజూ మూల నిలబెడుతున్నాం.”

“కావాలని కాదండీ! ఎడమ కన్ను కనబడడం లేదు వీడికి. వాళ్ళింట్లో వాళ్ళతో మాట్లాడాలి.”

“నా స్కూల్లో పేరెంట్స్‌తో మీరు మాట్లాడడానికి వీల్లేదు,” అని ఆవిడ ఆసుపత్రికి ఫోన్ చేసి నా చేతికిచ్చింది. అవతల డాక్టరుగారు నవ్వి, “సర్దుకుపోమ్మా, తర్వాత చూద్దాం,” అన్నారు. ఫోను ఎంత గట్టిగా పెట్టానంటే, అది పగిలిందేమోనని ఇద్దరం ఒకేసారి వంగి చూశాం. తర్వాత సంచి తగిలించుకుని గేటు దాటి రోడ్డు మీద నిలబడ్డాను. “ఇది మీ స్కూలు కాదుగా?” అన్నాను.

పన్నెండింటికి వాడి నాయనమ్మ వచ్చింది. చేతులకు వెండి కడియాలు, గొంతు ఆ పేలుళ్ళను మించి. నేను సంగతి చెప్పానో లేదో ఎగిరిపడింది.

“ఏందీ, మా పోరనికి కన్ను కనవడదా? గింత గింత కండ్లున్నయ్, నీకు కనవడ్తలేవా? ముందుగాల నువ్వు పో దవాఖానకు, నీ కండ్లు జూపిచ్చుకో!”

“కనబడకపోతే కనబడదనే అంటానండీ! మీరు అరిస్తే కనబడుతుందా?”

“ఒర్రుతున్నది నువ్వా, నేనా?”

ఇద్దరమూనూ. రోడ్డు మీద పోయేవాళ్ళు ఆగి చూస్తున్నారు. ఇక వాదించలేక మిగిలిన సోంపు గింజలు ఆమె అరచేతిలో పోసి, మీరే చూసుకోండన్నాను. ఆమె చెంగుతో మనవడి ఎడమ కన్ను మూసింది. వాడు చకచకా రెండు గింజలు తిన్నాడు. “సూశినవా?” అని నన్ను ఉరిమింది. “ఇప్పుడు రెండోది,” అన్నాను. కుడి కన్ను మూసింది. వాడు ఆమె మణికట్టు దగ్గర తడిమాడు, వేళ్ళ సందుల్లో తడిమాడు. “ఏడున్నయే నాయినమ్మా?” అన్నాడు. ఆమె చేతిని వాడి ముక్కు దాకా తెచ్చింది. “గీడనే ఉన్నయ్ బిడ్డా, జర సూడు.” వాడు నన్ను కొరికినట్టు ఆమెను కొరకలేదు. చెంగు పట్టి లాగుతూ ఏడ్చాడు.

నాయనమ్మ చెంగు వదిలేసి, వాణ్ణి చంకనెత్తుకుని గేటు తోసుకుని లోపలికి నడిచింది. “నీల్లు కింద వోస్తుండని రోజూ మూలకు నిలవెట్టిన్రు గదనే! కనవడక వోస్తుండన్న సోయి లేకపాయెనా నీకు?” అన్న మాట రోడ్డు దాకా వినిపించింది. తర్వాత వినిపించినవి మేడంకు ఏ పాంప్లెట్‌లోనూ పనికిరావు.

మర్నాడు నా మీద ఫిర్యాదు వచ్చింది. డాక్టరుగారు నవ్వకుండా చదివారు. ఆయన నవ్వకపోవడం నేను చూడడం అదే మొదటిసారి. “అబ్బాయిని ఎప్పుడు తీసుకొస్తున్నారు?” అని మాత్రం అడిగి, ఫిర్యాదు పక్కన పడేశారు. ఆ స్కూలు గుమ్మం మళ్ళీ నన్ను తొక్కనివ్వలేదు. మేడం ఆ పిల్లాడికి క్షమాపణ చెప్పిందా అంటే, లేదు. అది తలుచుకుంటే ఈ వయసులోనూ పళ్ళు కొరుకుతాను.

పిల్లాడికి కళ్ళజోడు పెట్టి, బద్ధకపు కన్ను పని చేయాలని మంచి కంటికి రోజూ కాసేపు పట్టీ వేయమన్నాం. వాడు పట్టీ పీకేసేవాడు. నాయనమ్మ వచ్చినప్పుడల్లా “పోరన్ని పరేషాన్ జేస్తున్నవ్, నీ చెయ్యిరగ!” అని నన్ను తిట్టేది, కానీ రావడం ఒక్కసారీ మానలేదు. ఒకరోజు తలుపు తీసి చూస్తే ఇద్దరూ బల్ల మీద పక్కపక్కనే కూర్చున్నారు, ఇద్దరి కుడి కళ్ళకూ పట్టీలు. వాడొక్కడే కట్టుకోనంటే తనూ కట్టుకుందట. రెండు ఎడమ కళ్ళు కలిసి నా వైపు కోపంగా చూశాయి. నవ్వాపుకోలేక డాక్టరుగారి గదిలోకి పారిపోయాను. ఆపై ఏడాదికల్లా వాడు ఆ కంటితో, కుడి కంటంత కాకపోయినా, చార్టులో చాలా వరుసలు కిందికి దిగి చదివాడు. ఈసారి నిజంగా చూసి.

ఇప్పుడు ఆసుపత్రిలో నేనూ పెద్దదాన్నయ్యాను. మీటింగుల్లో “పరిశీలిద్దాం” అంటాను, ఫోన్లు మెల్లగా పెడతాను. మొన్న, కొత్తగా చేరిన అమ్మాయి ఏదో స్కూలు మేడంతో గొడవపడి వచ్చి, నా గది గుమ్మంలోనే నిలబడి గొంతు చించుకోవడం మొదలెట్టింది. ఆఫీసంతా తలలెత్తి, నేనేదో సర్దిచెప్పి దాని నోరు మూయిస్తానని చూస్తున్నారు. నాకేమో ఎన్నాళ్ళకో మా ఊరి మనిషి గొంతు విన్నట్టుంది. రెండు టీలు చెప్పి, తలుపు దగ్గరగా వేసి, “ఊఁ, అప్పుడేమందావిడ?” అన్నాను.