ఆమేన్ దాకా ఆనిన చెయ్యి

అప్పట్లో మా ఊరికి అంబులెన్సు వచ్చేది కాదు. ఒంగోలు ఆసుపత్రికి వెళ్లాలంటే టాక్సీ డ్రైవరు గారి పాత అంబాసిడరే దిక్కు.

బండి వేడెక్కితే ఆయన రేడియేటరు మీద అరచెయ్యి పెట్టి పరలోక ప్రార్థన మొదలుపెట్టేవాడు. ఆమేన్ దాకా చెయ్యి ఆనించి ఉంచగలిగితేనే మూత తీసి నీళ్లు పోసేవాడు. మధ్యలో చురుక్కుమంటే చెయ్యి తీసేసి, కాసేపాగి మళ్లీ మొదటినుంచి చదివేవాడు.

నాన్నను పాము కరిచిన రోజు పొదిలి దాకా పత్తి ట్రాక్టర్ల వెనకే వెళ్లాం. ఎగిరిన దూది రేడియేటరుకు పట్టేసింది. పొదిలి దాటాక బండి ఆవిర్లు కక్కుతూ ఆగింది. ముందూ వెనకా మరో బండి లేదు.

"నీళ్లు పొయ్యవయ్యా, మా బావ ప్రాణం పోయేట్టుంది," అంటూ మామయ్య నీళ్ల డబ్బా ఎత్తాడు.

డ్రైవరు అడ్డంగా నిలబడ్డాడు. "మరిగే ఇంజనుకు చన్నీళ్లు తగిలితే హెడ్డు పగిలిద్దండి. ఇంక ఇక్కడే పడుంటాం. తొందరపడి ఒక ఇంజను పోగొట్టుకున్నోణ్ణి. ఈసారి పొయ్యనివ్వను."

మామయ్య తిడుతూనే ఉన్నాడు. ఆయన పాత పళ్లబ్రష్షుతో దూది దులుపుతూ, మధ్యమధ్య చెయ్యి ఆనించి చూశాడు. రెండుసార్లు ప్రార్థన సగంలోనే ఆగింది. మూడోసారి ఆమేన్ వినపడింది. ఒంగోలు దాకా బండి మళ్లీ ఆగలేదు. నాన్న బతికాడు.

ఆ డ్రైవరు పోయి చాన్నాళ్లయింది. ఇప్పటికీ మా ట్రాక్టరు వేడెక్కితే నాన్న రేడియేటరు మీద అరచెయ్యి పెట్టి పెదాలు కదుపుతాడు. వెనక సీట్లో పడుకుని మూడుసార్లు విన్నాడు కదా. రోజూ శివాలయానికి వెళ్లే మా నాన్న ఆమేన్ అనేదాకా ఇంట్లో ఎవరూ ఆ మూత ముట్టుకోరు.