ఏమీ వేయకూడని మడి

2022 అక్టోబర్. కొడిమ్యాల దగ్గర ఒక గుట్ట కింద ఉన్న గడ్డి బీడు. అప్పటికి నాలుగేళ్లుగా అక్కడ మేము మొక్కలు లెక్కపెడుతున్నాం. నేను జీవావరణ శాస్త్రం చదివినవాణ్ణి, జగిత్యాలలో ఉంటాను. మీ పని ఏమిటని ఎవరైనా అడిగితే ఇంతే చెబుతాను: నేలకు బలం పెంచితే గడ్డి బీడులో ఎన్ని రకాల మొక్కలు మిగులుతాయో చూస్తాం.

బలం పెరిగితే రకాలు కూడా పెరుగుతాయని చాలామంది అనుకుంటారు. తరచుగా జరిగేది వేరు. నత్రజని, భాస్వరం అందగానే పొడుగ్గా ఎదిగే ఒకటి రెండు జాతులు పైకి లేస్తాయి. కింద ఉన్నవాటికి ఎండ అందదు. విష్ణుక్రాంత వంటి నేలబారు మొక్కలు ముందుగా పోతాయి. పేద నేలలో ఏ ఒక్కటీ మిగతావాటిని మించి ఎదగలేదు. అందుకే అక్కడ చాలా రకాలు పక్కపక్కనే బతుకుతాయి.

దీన్ని కొలవడానికి బీడును నాలుగు బ్లాకులుగా విభజించి చుట్టూ కంచె వేశాం. ఒక్కో బ్లాకులో ఆరు ప్లాట్లు, ఒక్కోటి ఐదు మీటర్ల చదరం. కొన్నింటికి యూరియా, కొన్నింటికి భాస్వరం, కొన్నింటికి అన్నీ కలిపి వేస్తాం. ప్రతి బ్లాకులో ఒక ప్లాటుకు మాత్రం ఏమీ వేయం. దాన్ని కంట్రోల్ అంటాం. పక్క ప్లాట్లలో వచ్చిన మార్పు ఎరువు వల్లనా, ఆ ఏటి వాన వల్లనా అన్నది దానితో పోల్చితేనే తెలుస్తుంది. వానాకాలం చివర గడ్డి కంకి వేసినప్పుడు క్వాడ్రట్‌ను, అంటే మీటరు చదరం పైపు చట్రాన్ని, నేల మీద పెట్టి లోపల ఉన్న ప్రతి మొక్కనూ రాసుకుంటాం.

బీడుకు కావలి రాజవ్వ. యాభై దాటిన మనిషి. సొంత భూమి లేదు. నాట్లకు, పసుపు తవ్వడానికి పోతూ మా కంచె కూడా చూసుకునేది. మా ప్లాట్లను మడ్లు అనేది. మొదటి ఏడు మేము యూరియా చల్లుతుంటే నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడి చూసింది.

"ఊరంత గడ్డి సావాలని మందు కొడుతుంటే మీరు గడ్డికి యూరియా ఏస్తున్నరా సారూ? ఇంట్ల చెప్పే అచ్చిండ్రా?"

నేను నవ్వి ఊరుకున్నాను. గేటు తాళంచెవి చేతికిచ్చి, గొర్లను రానివ్వొద్దని, మడ్లను మంచిగ చూసుకొమ్మని చెప్పాను. అంతకు మించి ఏమీ చెప్పలేదు.

నా దగ్గర పరిశోధన చేస్తున్న స్వప్నది సిరిసిల్ల. నాలుగో ఏటి లెక్క ఆమె థీసిస్‌లో చివరి అధ్యాయం. 2021 ఎండాకాలంలో నా భార్య చనిపోయింది. ఆమె బడి పంతులమ్మ, సెలవుల్లో మాతో పాటు బీడుకు వచ్చేది. ఆ తర్వాత పని చాలావరకు స్వప్న మీదే పడింది. 2022 జూన్‌లో ఎరువులు తూచి, ప్యాకెట్లు కట్టి, ఆమె ఒక్కతే చల్లింది.

అక్టోబర్‌లో రెండో బ్లాకు కంట్రోల్ దగ్గర నుంచి నన్ను పిలిచింది.

"సర్, జర ఇటు రాండ్రి."

ఏమీ వేయని ఆ ప్లాటులో గడ్డి మోకాలు దాటింది. ముదురు ఆకుపచ్చ. మధ్యలో ముళ్ల తోటకూర. చట్రాన్ని మూడు చోట్ల పెట్టి చూశాం. విష్ణుక్రాంత ఎక్కడా లేదు.

"నేనే తప్పు చేసిన్నా సర్? ప్యాకెట్ మారిందా?"

కాదని చెప్పడానికి నా దగ్గర ఆధారం లేదు. అయినా వేరేలా మాట్లాడి ఉండొచ్చు. "చల్లేటప్పుడు నంబర్లు చూసినవా?" అని అడిగాను. ఆమె వంగి చట్రాన్ని ఎత్తి పక్కన పెట్టింది.

ఒక ప్యాకెట్ మారిందంటే ఇంకొకటి కూడా మారి ఉండాలి. ఏ ప్లాటుకు ఏం పడిందో చెప్పలేకపోతే ఆ ఏటి లెక్క మొత్తం పనికిరాదు. థీసిస్ ఇంకో ఏడు ఆగాలి. లెక్క ఆపేసి మట్టి పరీక్షకు పంపాం. స్వప్న సిరిసిల్ల వెళ్లింది. వారం దాకా ఫోన్ చేయలేదు. నేనూ చేయలేదు.

రిపోర్టులో భాస్వరం ఎక్కువగా ఉంది. ఆర్గానిక్ కార్బన్ కూడా ఎక్కువగానే ఉంది. ఇది ఆకులు, పేడ కుళ్లి నేలలో చేరేది; మా ప్యాకెట్ల నుంచి వచ్చేది కాదు. స్వప్నను పిలిపించి, ఇద్దరం మళ్లీ బీడుకు వెళ్లి గడ్డి మొదళ్లు పాయలు తీసి వెతికాం. సగం కరిగిపోయిన గొర్రె పెంటికలు దొరికాయి. కంచె ఎక్కడా తెగలేదు. గొర్రెలు లోపలికి వచ్చి ఉంటే మిగతా ప్లాట్లలోనూ ఉండాలి. ఎవరో మోసుకొచ్చి పోశారు.

కోరుట్లలో బిడ్డ ఇంటికి పోయిన రాజవ్వ మరునాడు వచ్చింది.

"రాజక్కా, గీ మడిల పెంట పోసినవా?"

"పోసిన సారూ. ఎండకాలంల మా తమ్ముని గొర్ల దొడ్డి ఊడ్సి నాలుగు గంపలు తెచ్చిన. సూడు ఎట్ల ఎదిగిందో!"

ఆమె ముఖంలో భయం లేదు, సంతోషమే ఉంది. స్వప్న నేల మీద కూర్చుండిపోయింది. తన తప్పు కాదని తేలింది, కానీ అసలు ప్రశ్న మిగిలే ఉంది.

"పెద్దమ్మా, ఏమీ ఎయ్యనియి ఇంక మూడు మడ్లున్నయి. వాట్లల్ల గూడ పోసినవా?"

"వాట్లల్ల ఎందుకు పోస్త? గీ ఒక్కదాంట్లనే."

స్వప్న కళ్లు తుడుచుకుంది. మూడు కంట్రోళ్లు మిగిలితే అధ్యాయం నిలబడుతుంది. నాకు మాత్రం అర్థం కాలేదు.

"ఒక్కదాంట్లనే ఎందుకు?" అన్నాను.

"పోయినేడు పంతులమ్మ పోయినంక నువ్వు అచ్చినప్పుడల్ల గీడనే కూసుంటివి గద. పొద్దుగూకేదాంక దీని దిక్కే సూసుడు. మాట లేదు, పలుకు లేదు. పక్క మడ్లన్ని పచ్చగుండె. గిదొక్కటే పీలగ, బక్కగ. దీన్ని సూసే నీకు బాధయితున్నదనుకున్న. గా ఒక్క బాధన్న తీరుద్దామని పోసిన."

నేను అక్కడ కూర్చున్న మాట నిజమే. సాయంత్రం వేపచెట్టు నీడ ఆ ప్లాటు పక్కనే పడుతుంది. గడ్డి వైపు చూస్తున్నానని నాకే తెలియదు.

స్వప్న అడిగింది. "నాలుగు గంపలు గింత దూరం నువ్వే మోసినవా పెద్దమ్మా?"

"మరి గొర్లు మోస్తయా?"

అప్పుడు కూర్చోబెట్టి కంట్రోల్ అంటే ఏమిటో చెప్పాను. నాలుగేళ్ల కింద చెప్పాల్సింది. ఆమె చివరిదాకా విన్నది.

"అంటే గిది బక్కగనే ఉండాలె. దీన్ని సూసి మిగిల్న వాట్ల సంగతి చెప్తరు."

"అంతే అక్కా."

"గీ ముచ్చట మొదలే చెప్పద్దా మరి? తాళంచెయ్యి ఇస్తివి, ముచ్చట ఇయ్యకపోతివి." వెంటనే, "ఇగ నన్ను పనిలకెల్లి తీసేస్తరా?" అంది.

లేదు, నిన్ను తీసెయ్యం అన్నాను. స్వప్నతో కూడా మాట్లాడాను. నంబర్ల సంగతి అలా అడగడం నాదే తప్పన్నాను. "నేను ఆ వారం అంతా నిద్రపోలే సర్" అంది.

రెండో బ్లాకును పోలికలోంచి తీసేసి మూడు బ్లాకులతో అధ్యాయం రాసింది. ఎందుకు తీసేశామో, ఎవరు ఏం పోశారో ఉన్నది ఉన్నట్టు రాయమన్నాను. థీసిస్ నిలబడింది. ఆ ప్లాటును ఇప్పటికీ విడిగా లెక్కపెడుతున్నాం. పెంట పోయడానికి ఒక్క రోజు పట్టింది. విష్ణుక్రాంత ఇంకా తిరిగి రాలేదు.

ఇప్పుడు బీడులో ఎవరు పనికి చేరినా తాళంచెవి కంటే ముందు కంట్రోల్ ప్లాటు సంగతి చెబుతాను. నాకంటే ముందు రాజవ్వే చెప్పిన రోజులూ ఉన్నాయి. పని అప్పగించి కారణం దాచుకుంటే, పని చేసేవాళ్లు తమకు తోచిన కారణం వెతుక్కుంటారు. మనిషి విషయంలోనూ అంతే. ఆ ఏడాది నాకేమైందో నేను ఎవరికీ చెప్పలేదు. రాజవ్వ తనకు కనిపించినదాన్ని బట్టి తను చేయగలిగింది చేసింది.

పోయిన వానాకాలంలో ఒక సాయంత్రం పని అయ్యాక మళ్లీ అక్కడే కూర్చున్నాను. రాజవ్వ వచ్చి నిలబడింది.

"సారూ, గడ్డిని సూస్తున్నవా, పంతులమ్మను యాది చేసుకుంటున్నవా?"

"పంతులమ్మనే అక్కా."

"అట్లయితే కూసో," అని తన పని మీద తాను వెళ్లిపోయింది.